మంచుబండికి కందెన

ఇరుసు కిర్రుమన్నచో కందెన వేయవలెనని మన పల్లెలలో చిన్నపిల్లలకు సైతము తెలిసియుండెడిది. కాల్చిన గడ్డి మసిని ఆముదములో కలిపి, గొట్టములో నింపి, బండిక్రింద వ్రేలాడదీసికొని ప్రయాణము చేసిన దినములు మన పెద్దలలో కొందరికి జ్ఞాపకమున్నవి. ఈ నెల మనము వేరొక బండికి కందెన వేయు విధమును నేర్చుకొందము. అది మంచుమీద నడుచు బండి. దానిని స్నోమొబైల్ అందురు. మన బిడ్డలు అనేకులు చదువులకును పనులకును కెనడా దేశమునకు పోయియున్నారు గనుక ఇది మనకు బొత్తిగా అక్కరలేని సంగతి కాదు.

ఈ బండికి ముందు రెండు స్కీలు, అనగా కొన పైకి వంగిన జారుడు పలకలు ఉండును. వెనుక వెడల్పైన రబ్బరు పట్టా తిరుగుచు బండిని ముందుకు నెట్టును. దీనిని రూపొందించిన వారిలో ముఖ్యుడు కెనడాలోని క్వెబెక్ రాష్ట్రములో వాల్కూర్ అను ఊరిలో మెకానిక్కుగా నుండిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే. 1934 శీతకాలములో ఆయన రెండేండ్ల కుమారునికి కడుపులో చీము పట్టెను. మంచు దారులను మూసివేసియుండుటచేత ఆసుపత్రికి చేర్చు సాధనము లేకపోయెను, బిడ్డ దక్కలేదు. మంచుబండికొరకైన ప్రయత్నము ఆయన అంతకుముందే ఆరంభించియుండెను. 1937లో పట్టాను త్రిప్పు పద్ధతికి పేటెంటు పొందెను. మొదటి బండ్లు ఏడుగురు పట్టునంత పెద్దవి. చిన్న బండి, స్కీడూ అనునది, 1959లో వచ్చెను. దాని మొదటి నమూనాలలో ఒకటి ఉత్తర అంటారియోలోని లాన్స్‌డౌన్ హౌస్ అను మారుమూల స్థలమున పనిచేయుచుండిన ఒక కతోలిక మిషనరీకి చేరెను. అంతవరకు ఆ ప్రాంతములలో కుక్కలు లాగు బండ్లే ఆధారము.

కుక్కకును యంత్రమునకును ఒక భేదము కలదు. కుక్క అలసినయెడల కనబడును. ఒకటి కుంటుపడినను మిగిలినవి లాగును. యంత్రము ఆగెనా, ఆగినదే. ఒక గంటలో దానిమీద పోయిన దూరమును లోతైన మంచులో నడిచి తిరిగివచ్చుటకు దినమంతయు చాలకపోవచ్చును. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో ఆ దినము మనుష్యునికి దొరకదు. ఆ దేశపువారు సాయంకాలము గ్రీజు గన్ను చేత పట్టుకొనుట ఇందునుబట్టియే.

మన ఎడ్లబండికి కందెన ఒరిపిడి తగ్గించుటకు. మంచుబండిలో దానికి ఇంకొక పని కూడ కలదు, అది నీటిని వెళ్లగొట్టుట. పట్టా తిరుగునప్పుడు మంచు ఎగసి లోపలి కీళ్లలో చొచ్చును. కొట్టములో వెచ్చదనమునకు అది కరగి నీరగును. మరల చలికి ఆ నీరు గడ్డకట్టి, కీలును బిగించివేయును. నీరు గడ్డకట్టునప్పుడు పెరుగును గనుక సీలును కూడ చెరచును. మంచు పోయిన పిమ్మట మిగిలిన నీరు తుప్పు పట్టించును. అందుచేత ప్రయాణము ముగిసిన సాయంకాలమే, కీళ్లు బిగియకముందే, కందెన వేయుట మేలు.

ముందుగా అడుగున అంటుకొనిన మంచును దులపవలెను. పిమ్మట బండి వెనుక భాగమును ఎత్తి నిలుపవలెను. బరువు తీసినగాని కీలు చుట్టు గ్రీజు ప్రాకదు. ప్రతి నిపులును గుడ్డతో తుడువవలెను, లేనియెడల మనమే మట్టిని లోపలికి నెట్టినవారమగుదుము. స్కీలు తిరుగు కీళ్లు, స్టీరింగు కీళ్లు, వెనుక సస్పెన్షను కీళ్లు ముఖ్యము. గన్ను నొక్కుచుండగా మొదట పాత గ్రీజు వెలికి వచ్చును. అది పాలు కలిసినట్లు తెల్లబారియుండినయెడల నీరు చేరినదని గుర్తు. శుభ్రమైనది వచ్చువరకు నొక్కవలెను. బేరింగులయొద్ద మాత్రము నెమ్మదిగా రెండు మూడు నొక్కులు చాలును. అతిగా నొక్కినచో సీలు ఊడును. వెలికి వచ్చినదానిని తుడిచివేయవలెను. ఎన్ని కిలోమీటర్లకు వేయవలెనో యంత్రముతో ఇచ్చిన పుస్తకము చెప్పును. తడిమంచులో నడిచిన దినమున ఆ లెక్క చూడనక్కరలేదు, వెంటనే వేయుటయే మంచిది. చలికి తగిన గ్రీజు వేరుగా దొరకును. సామాన్యమైనది ఆ చలిలో మైనమువలె గట్టిపడును.

కందెన తగులకూడని చోట్లను ఎరుగుట అంతకంటెను ముఖ్యమని మేము తలంచుచున్నాము. ఇంజను బలము పట్టాకు పోవుట ఒక రబ్బరు బెల్టుద్వారా. ఆ బెల్టు క్లచ్చు బిళ్లలను కరచి పట్టుకొనవలెను. దానిమీద కొంచెము గ్రీజు పడినను జారి, వేడెక్కి, కాలిపోవును. అనుభవజ్ఞులు ఇంకొక బెల్టును వెంట తీసికొనిగాని బయలుదేరరు. బ్రేకు బిళ్లకును ఇదే జాగ్రత్త.

పట్టా లోపల జారు ప్లాస్టికు పట్టీల సంగతి ఇంకను వింత. వాటికి గ్రీజు లేదు, నూనె లేదు, మంచే కందెన. ఎగసిన మంచు వాటిని తడిపి చల్లబరచును. మంచులేని రోడ్డుమీదనో నున్నని గడ్డమీదనో చాలసేపు నడిపినచో ఆ పట్టీలు కరగును. నీటితో చల్లబడు ఇంజనులకు సహితము ఈ ఎగసిన మంచే ఆధారము. అందుచేత కొందరు గడ్డను గీకి పొడి లేపునట్టి ఉక్కు ముండ్లను అమర్చుదురు.

రాత్రివేళ పట్టాక్రింద కఱ్ఱముక్కలు పెట్టుదురు, నేలకు అంటుకొని గడ్డకట్టకుండ. శీతకాలము ముగిసినప్పుడు అన్ని కీళ్లకును మరల కందెన వేయుదురు. ఎండకాలమంతయు నీరు లోపల నిలువకూడదు గదా. పెట్రోలు చెడకుండ మందు కలిపి, ఇంజను లోపలికి రక్షణనూనె చిమ్మి, బెల్టు తీసి, పట్టా బిగువు వదలుదురు. చుంచులు పొగగొట్టములో గూడు పెట్టకుండ దాని నోట గుడ్డ క్రుక్కుదురు. మరుసటి ఏడు దానిని తీయుట మరువకుండ హ్యాండిలుకు ఒక చీటి కట్టి ఉంచుదురు.