ట్రాక్టరు ఇంజనుకు ఏ నీరు పోయవలెను?

ఎడగారు దమ్ములు మొదలైనచో ఆత్మకూరు చుట్టుపట్ల ట్రాక్టర్లకు పగలనక రాత్రనక పని. ఎండ 40 డిగ్రీలు దాటి యుండును. బురదలో ఇనుప చక్రములతో ఈదులాడుచున్న బండి ముందు భాగము నుండి బుస్సుమని ఆవిరి లేచును. డ్రైవరు గట్టుమీది బోరు వద్దకు పరుగెత్తి బిందెడు నీళ్లు తెచ్చి పోయును. బండి కదలును, ఆ పూట దమ్ము ముగియును. కాని ఆ బిందెడు నీళ్లు చేసిన చెరుపు ఇంజను లోపలనే నిలిచి యుండును. మరల మరల అట్లే పోసినచో, సరిగా తూము నీరు వంతు వచ్చిన నాడే బండి షెడ్డులో కూర్చుండును.

ఇంజనులో నీటికి పని ఏమి? సిలిండరులో డీజిలు మండునప్పుడు ఆ మంట వేడి క్షణకాలము 2000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. డీజిలుకు పెట్టిన ప్రతి మూడు రూపాయలలో సుమారు ఒక రూపాయి మాత్రమే పనిగా మారును. దాదాపు ఒక రూపాయి పొగగొట్టము దారిన పోవును. తక్కిన దానిలో ఎక్కువ పాలు సిలిండరు గోడలలోనికి దిగును. దానిని ఎప్పటికప్పుడు బయటకు లాగకున్నచో ఆయిలు పలుచబడును, పిస్టను ఉబ్బి సిలిండరును పట్టుకొనును. ఐషర్ 241 వంటి కొన్ని ట్రాక్టర్లలో రెక్కలవంటి పోత మీదుగా గాలి వీచి ఈ పని చేయును. తక్కిన వాటిలో చాల వరకు నీరే ఆధారము.

వాటరు పంపు నీటిని సిలిండర్ల చుట్టును, పైనున్న హెడ్డులోను త్రిప్పును. కాగిన నీరు పై గొట్టము ద్వారా రేడియేటరు చేరి, సన్నని గొట్టములలో క్రిందికి జారును. ఫ్యాను లాగిన గాలికి చల్లబడి మరల ఇంజనులోనికి పోవును. దారిలో థర్మోస్టాటు అను చిన్న కవాటము కలదు. నీరు సుమారు 80 డిగ్రీలకు వచ్చువరకు అది రేడియేటరు దారిని మూసి యుంచును. మన ఎండలకు ఇది అనవసరమని దీనిని ఊడదీసి పారవేయు మెకానిక్కులు కలరు. అది తప్పు. ఇంజను తగినంత వేడెక్కనిచో డీజిలు సరిగా మండదు, సిలిండరు త్వరగా అరుగును. పైగా కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటరుకు పోక అడ్డదారిన తిరిగి వచ్చి, వేడి మరింత పెరుగును.

రేడియేటరు మూత కూడ వట్టి మూత కాదు. లోపల ఒత్తిడిని నిలిపి నీరు 100 డిగ్రీలకే మరుగకుండ చేయును. వాతావరణపు ఒత్తిడికి అదనముగ సగము చేర్చినచో నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరుగదు. కనుకనే వేడిమీద మూత తీసినచో ఒక్కసారిగ మరిగి ముఖము మీదికి చిమ్మును.

ఇక బోరు నీటి సంగతి. ఉదయగిరి వైపు నీటిలో ఫ్లోరైడు ఉన్నదని అందరెరిగినదే. నెల్లూరు జిల్లాలో ఆ జబ్బును గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. కాని ఎముకలను చెరుపు ఫ్లోరైడు వేరు, ఇంజనును చెరుపునది వేరు. రాళ్ల సందులలో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు కరిగి యుండును. నీరు కాగినప్పుడు అవి విడివడి తెల్లని గారగా అంటుకొనును. స్నానపు నీళ్లు కాచు కాగు లోపల పేరుకొను పొర ఇదియే. ఇంజనులో అది మిక్కిలి వేడి తగులు చోటనే, అనగా హెడ్డులో కవాటముల చుట్టును, ముందుగా కట్టును. పోత ఇనుముతో పోల్చిన ఈ గార వేడిని ఇరవై ముప్పది రెట్లు తక్కువగా పోనిచ్చును. వేడి ముల్లు మామూలుగనే చూపుచుండగా లోపల హెడ్డు వంకరపోవును, గాస్కెటు కాలును. ఆవిరియై పోయిన నీటికి బదులు మరల బోరు నీరే పోసినచో, పోసినప్పుడెల్ల క్రొత్త గార చేరును.

మంచి నీటిని గుర్తించుట ఇంటిలో ఆడవారికి బాగుగ తెలియును. ఏ నీటిలో కందిపప్పు ఉడకదో, సబ్బు నురగ రాదో, ఆ నీరు రేడియేటరుకు పనికిరాదు. బ్యాటరీలకు అమ్ము డిస్టిల్డు వాటరు శ్రేష్ఠము. మొదటి వాన మిద్దెను కడిగిపోయిన తరువాత శుభ్రముగ పట్టిన వాన నీరు కూడ మంచిదే. ఊరిలోని ప్లాంటు నుండి తెచ్చు ఆర్.ఓ. నీరు బోరు నీటికంటె ఎంతో మేలు. ఆ ప్లాంటు బయటకు వదలు వ్యర్థపు నీరు మాత్రము ఎన్నడును పోయరాదు. లవణములన్నియు అందులోనే చిక్కబడి యుండును. సోమశిల కాలువ నీరు తప్పనిసరియైనచో తేర్చి, గుడ్డలో వడగట్టి వాడవచ్చును, కాని వీలైనంత త్వరలో మార్చివేయవలెను.

కూలెంటు మంచుదేశములకే కాని మనకెందుకని కొందరందురు. అది నీరు మరుగు వేడిని పెంచును, త్రుప్పును ఆపును. కంపెనీ పుస్తకములో చెప్పిన పాళ్లలో శుద్ధమైన నీటితోనే కలుపవలెను, చెప్పిన గడువునకు మార్చవలెను. బోరు నీటితో కలిపినచో కూలెంటుకు పెట్టిన డబ్బు చాలవరకు వృథా. గార కట్టినదని ఆసిడ్ పోసి కడిగించుట ప్రమాదము, అల్యూమినియం భాగములను అది తినివేయును.

ఆవిరి లేచినప్పుడెల్ల నీటి దోషమే అనుకొనరాదు. నూర్పిళ్లలో పొట్టు రేడియేటరు రేకుల సందులలో నిండి గాలిని ఆపును. దానిని ఇంజను వైపు నుండి బయటకు, మెల్లగ గాలి కొట్టి తీయవలెను. ఇంజను ఆగియుండగా ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. సుమారు అర అంగుళము కంటె ఎక్కువ దిగినచో బిగింపవలెను.

ముల్లు ఎర్రగీత వైపు పోవుచుండగా నీరు కారక, బెల్టు తెగక యున్నచో, బరువు దించి కొన్ని నిమిషములు నెమ్మదిగ తిరుగనీయవలెను. నీరు పోయినను, బెల్టు తెగినను వెంటనే ఆపవలెను. అరగంటకు పైగా ఆరనిచ్చి, చేతికి మూత వేడి తగులనప్పుడు మందపు గుడ్డతో మెల్లగ విప్పవలెను. కాలుచున్న ఇంజనులో చన్నీళ్లు గ్రుమ్మరించినచో హెడ్డు చిట్లును. ఆ గంటసేపు పోయినను దమ్ము మరునాడైనను సాగును.

కూలెంటు విషము, పైగా రుచికి తియ్యన. పిల్లలు, కుక్కలు, పశువులు దానిని త్రాగు ప్రమాదము కలదు. రేడియేటరు నుండి దింపిన పాత కూలెంటును కాలువలో పోయరాదు, ఖాళీ డబ్బాను కుడితి ముంచుటకు వాడరాదు.