మన ఇళ్ల కథలతో డిగ్రీ పిల్లలకు తెలుగు రాత

జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఫిల్మ్ నగర్ బస్తీల నుంచి, షేక్‌పేట నుంచి మా సాయంత్రం తరగతికి వచ్చేవారిలో చాలామంది దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నవారే. ఒకరిది దర్జీ పని, ఒకరిది డెలివరీ పని, ఇంకొకరు షూటింగుల్లో లైట్లు మోస్తారు. రోజూ ఎదురుగా నిలబడి పాఠం చెప్పేవారు లేని చదువు కాబట్టి అంతా రాత మీదే నడుస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. గైడులో జవాబు బట్టీ పట్టి రాస్తారు కాని, సొంతంగా పది వాక్యాలు రాయమంటే పెన్ను కదలదు.

ఫీజులకిచ్చిన డబ్బుతో కథల పుస్తకాలెందుకు కొన్నారని కొందరు దాతలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మా జవాబు ఇది.

మన పిల్లల మొదటి మాట, "సార్, నాది సరైన తెలుగు కాదు" అని. ఇంట్లో మాట్లాడేది దక్కనీ. చిన్నప్పుడు ఉర్దూ రాత నేర్చినవారికి జేర్, జబర్, పేష్‌లు పెట్టకుండా రాయడం అలవాటు. తెలుగులో గుడి, దీర్ఘం ఏదీ వదలడానికి లేదు. ఉర్దూలో ళ, ణ లేవు. అందుకే "అమ్మ కల్లు తుడుచుకుంది" అని రాస్తారు, తరగతి నవ్వుతుంది. ఇవి దిద్దితే పోయే తప్పులు. వాక్యం కట్టడంలో మాత్రం వీరు అనుకున్నంత దూరంలో లేరు. పుస్తకాల ఉర్దూలో "ఉస్‌నే కహా కె" అని మొదలుపెట్టి, చెప్పిన మాట తర్వాత వస్తుంది. మన ఇళ్లలో "ఆతూఁ బోల్‌కే బోలా" అంటాం. "వస్తానని చెప్పాడు" అనే తెలుగు వాక్యం కూడా సరిగ్గా ఇలాగే నడుస్తుంది. తెలుగు "అని" చేసే పనిని దక్కనీలో "బోల్‌కే" చేస్తోంది. ఈ ఒక్క సంగతి నల్లబల్ల మీద రాసి చూపిస్తే పిల్లల ముఖాలు మారతాయి. తెలుగు వాక్యం వారి నోట్లో ఎప్పటినుంచో ఉంది.

ఆ తర్వాత కథలు. అమెరికా కాలేజీల్లో వలస వచ్చినవారి, నల్లజాతివారి రచనలు చదివించి రాత నేర్పడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. మనకు ఆ సరుకు తెలుగులోనే ఉంది. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు'లో నెల్లూరు మాట, వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'లో కడప మాట, స్కైబాబ 'అధూరే'లో నల్లగొండ మాట. ముగ్గురూ ముస్లిములే, మూడూ వేర్వేరు తెలుగులు. అవి చదివాక "సరైన తెలుగు కాదు" అనే మాట తగ్గింది. గోగు శ్యామల కథలు కూడా చదివిస్తాం, ఎందుకంటే మా తరగతిలో అందరూ మనవాళ్లే కారు. అలా ఉండాలని మేమూ కోరుకోలేదు.

రాయించే పద్ధతి చెబుతాం. ఒక విద్యార్థి "చెహ్లుమ్" అని రాసి, పక్కన కుండలీకరణాల్లో "నలభయ్యవ రోజు" అని పెట్టాడు. అది తీసేసి, తెలియనివాడికీ తెలిసేలా రాయమన్నాం. మూడోసారికి ఇలా వచ్చింది: "నానా పోయి నలభై రోజులైంది. చెహ్లుమ్‌కని అమ్మీ పొద్దున్నే దేగ్చాలు కడిగింది." పక్క బెంచీ అబ్బాయి బోనం గురించి రాసినా అదే నియమం.

పీర్ల పండుగ మీద రాయిస్తే ఇంకా బాగుంటుంది. ఒకరు ఆషూర్‌ఖానా అని రాస్తారు, పల్లె నుంచి వచ్చినవారు పీర్ల కొట్టం అని రాస్తారు. అలావా మాత్రం ఇద్దరి కాగితంలోనూ అలావాయే. తర్వాత కాగితాలు మార్చుకుని, ఎదుటివారి ఇంటి గురించి రాయాలి. అసలు కష్టం అప్పుడు తెలుస్తుంది. అడగకుండా ఒక్క వాక్యం కూడా రాయలేరు.

ఇందులో జాగ్రత్త కూడా ఉంది. ఒక అమ్మాయి కట్నం దగ్గర ఆగిపోయిన అక్క పెళ్లి గురించి రాసింది. చక్కగా రాసింది. మర్నాడు వచ్చి కాగితం వెనక్కి ఇమ్మంది. ఇచ్చేశాం. అందుకే సొంత ఇంటి సంగతి రాయడం ఎవరికీ తప్పనిసరి కాదు, ఒకరు రాసింది మరొకరు ఇంటికి తీసుకుపోకూడదు. ఇంటి ఇజ్జత్ కంటే పాఠం ఎక్కువని మేము అనుకోం.

ఫిల్మ్ నగర్‌లో ఉండి సినిమా ఊసెత్తకుండా ఎలా? గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిన దాశరథే సినిమా పాటలూ రాశారు. కాని మన సినిమాల్లో సాహెబు పాత్ర మాట్లాడే తెలుగు చాలాసార్లు ఒకటే అచ్చు: వచనం తప్పు, లింగం తప్పు, మధ్యలో ఒక "అరే భాయ్". అలాంటి సన్నివేశం తీసుకుని, ఆ మనిషిది కావలి అనుకుని ఒకసారి, గోల్కొండ అనుకుని ఒకసారి తిరగరాయమంటాం. నవ్వించవచ్చు, అయితే నవ్వు అతని బుద్ధిలోంచి రావాలి గాని నత్తి మాటలోంచి కాదు. లైట్లు మోసే కుర్రాడు ఈ పనిలో అందరికంటే ముందున్నాడు. సెట్టు మీద రోజంతా డైలాగులు వింటాడు మరి.

మార్కులు పెరిగాయా అంటే కొందరికి పెరిగాయి, కొందరికి ఇంకా లేదు. గైడు మూసి రెండు పేజీలు రాసేవారు మాత్రం ఇప్పుడు తరగతిలో ఎక్కువమందే ఉన్నారు.

పైన చెప్పిన పుస్తకాలు, 2004లో వచ్చిన 'వతన్' కథా సంకలనం మీ ఇళ్లలో ఉంటే, పాత ప్రతులైనా సరే, పంపండి. తరగతి మగ్రిబ్ నమాజు తర్వాత మొదలవుతుంది. చూడడానికి దాతలు ఎప్పుడైనా రావచ్చు. వచ్చినవారు వెనక బెంచీలో కూర్చుని అర పేజీ రాయవలసి ఉంటుంది.