కారు చప్పుడు: జాడ తీయు విధము

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దల సామెత. ఎడ్లబండి కిర్రుమన్నచో కారణమును వెదుకనక్కరలేదు. ఇరుసు ఎండినదని బండి తోలు కుర్రవానికిని తెలియును. మోటారు కారు సంగతి అట్లు కాదు. అందు తిరుగు భాగములు అనేకములు, అవియు రేకు మాటున దాగియుండును. కావున 'టిక్కు టిక్కు' మని వినబడగనే ఒకరు ఇంజను అందురు, వేరొకరు చక్రమందురు, మూడవవారు రేడియో గొంతు పెంచుదురు. ఈ మూడవ వైద్యము అన్నిటికంటె చెడ్డది.

చప్పుడు పుట్టు చోటును చెవితో పట్టుట కష్టము. కారు శరీరమంతయు ఇనుమే గనుక ముందు చక్రము కడ పుట్టినది మన కాళ్లక్రింద పుట్టినట్లు తోచును. అందుచేత మొదట 'ఎక్కడ' అని గాక 'ఎప్పుడు' అని అడుగుదము. ఆ చప్పుడు దేనితో కలిసి తాళము వేయుచున్నది?

లెక్క చేసి చూతము. చక్రపు వ్యాసము 60 సెంటీమీటర్లనుకొన్నచో చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల వేగమన సెకనుకు 5 మీటర్లు; అనగా చక్రము సెకనుకు రెండున్నర సార్లకు పైగా తిరుగును. వేగము రెట్టింపయిన చప్పుడును రెట్టింపయి, బండి ఆగగనే తానును ఆగినచో అది చక్రమునకు సంబంధించినదే. తారురోడ్డుపై స్పష్టముగా వినబడి మెత్తని మట్టిపై అణగినచో టైరు గాళ్లలో కంకరరాయి చిక్కియుండవచ్చును. స్క్రూడ్రైవరుతో పెకలించిన తీరిపోవును.

అయితే రాయియే యని ఊహించి ఊరకుండరాదు. పంక్చరుకై చక్రము విప్పి బిగించిన పిదప నట్లు వదులైనను ఇట్టి చప్పుడే వచ్చును. మాహూరు కొండకు రేణుకాదేవి దర్శనార్థము బండినిండ జనముతో పోవునపుడు చక్రము ఊడిన ఏమగునో వేరుగ చెప్పనేల? అనుమానము కలిగిన తక్షణమే బండి నిలిపి, నట్లను ఒకదాని కెదురుగా నున్న దానిని వరుసగా బిగింపవలెను. కొంత దూరము పోయిన పిదప మరల చూడవలెను.

తిన్నగా పోవునపుడు మౌనము, మలుపులో మాత్రము కటకట: ఇది వేరు రోగము. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు మన చిన్న కార్లు పెక్కింటిలో ఇంజను ముందు చక్రములనే త్రిప్పును. ఆ చక్రములు ప్రక్కకు వంగుచునే ఎడతెగక తిరుగవలెను గదా! ఇందుకు ఫోర్డు కంపెనీ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ రెజెపా 1920వ దశకములో చక్కని కీలు కల్పించెను. గాళ్లలో ఆరు ఉక్కుగుండ్లు అమర్చబడి, కీలు ఎంత వంగినను భ్రమణ వేగము మారకుండ చేయును. దానిపై రబ్బరు తొడుగు, లోపల గ్రీజు ఉండును. తొడుగు చినిగిన గ్రీజు చిమ్మిపోవును, దుమ్ము చొచ్చును, గాళ్లు అరుగును. మన ఎండకాలపు దుమ్మున కిది ఎంతసేపు? చూడగా కథ మరల కందెన దగ్గరకే వచ్చినది. చినుగును ముందే కనుగొన్నచో తొడుగు, గ్రీజు మార్చిన చాలును. కటకట మొదలైన పిదప సాధారణముగా కీలునే మార్చవలసివచ్చును. ఖాళీ మైదానమున స్టీరింగు పూర్తిగా త్రిప్పి మెల్లగా చుట్టు తిరిగిన ఈ చప్పుడు స్పష్టమగును. పాత అంబాసిడరుకు వెనుక చక్రములే ఆధారము గనుక దానికీ పరీక్ష చెల్లదు.

నిలిచియున్న బండిలో యాక్సిలరేటరు నొక్కినకొలది చప్పుడు వేగిరపడిన అది ఇంజనుదే. ఇంజను నిమిషమునకు 900 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క వాల్వు అందులో సగము సార్లే, అనగా 450 సార్లు, తెరచుకొనును. కావున టాపెట్ల చప్పుడు ఇంజను వేగములో సగమే యుండును. ముందు ఆయిలు మట్టము చూడవలెను. ఆయిలు దీపము వెలిగిన ఇంజనును ఆపివేయవలెను.

తాళము త్రిప్పగనే టకటకటక మని ఇంజను కదలకున్నచో చాలవరకు బ్యాటరీ బలహీనమే. స్టార్టరు స్విచ్చి అతుకుకొనును, విద్యుత్పీడనము పడిపోగా విడిపోవును, మరల అతుకుకొనును. బ్యాటరీ కొనల త్రుప్పు గీకిచూచుట మొదటి పని.

కిన్వటులోనో నాందేడులోనో మెకానిక్కు కడకు పోయి 'ఆవాజ్ యేతో' అని మాత్రము చెప్పిన అతడేమి చేయగలడు? 'వళణావర్ ఆవాజ్ యేతో', అనగా మలుపులో వచ్చుచున్నదని చెప్పిన, నేరుగా ముందు చక్రము కడ కూర్చుండును. పని సగమైనట్లే, అనవసరముగా విప్పుటకు కూలియు తగ్గును. ఇంట పెద్దలు మరాఠీకి తడబడిన పిల్లలు ఈ మాట అందింపవచ్చును. కాని జాకీపై నిలిపిన కారు క్రిందికి మాత్రము ఏ పిల్లయు దూరరాదు.

ఇక ఇల్లు చేరి ఇంజను ఆపిన పిదప వినబడు 'టిక్కు... టిక్కు' కలదు. క్రమముగ ఎడమెడముగా వచ్చి కొంతసేపటికి ఆగిపోవును. వేడికి వ్యాకోచించిన పొగగొట్టము చల్లారి సంకోచించుటచే కలుగు ధ్వని యది. దానికి మెకానిక్కు అక్కరలేదు.