పాత కంప్యూటరులో చోటు: తీయవలసినవి, ఉంచవలసినవి

కంప్యూటరు పాతబడిన కొద్దీ హార్డు డిస్కు నిండుట సహజము. చోటు చాలదనే హెచ్చరిక తెర మీద కనబడగానే చేతికందిన ఫైలునల్లా చెరిపివేయడం మనలో పలువురికి అలవాటు. ఆ తొందరలో పోయేది తరచుగా చోటు ఆక్రమించని వస్తువే.

ముందు లెక్క చూడవలెను. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రములో 24 అంగుళాల వ్యాసము గల 50 పళ్ళెములు కలిసి దాచగలిగినది సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేడు సెల్‌ఫోనుతో తీసిన రెండు మూడు ఛాయాచిత్రాలు అంత చోటును నింపివేయగలవు. అక్షరాల మాట వేరు. యూనికోడులోని యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు 3 బైట్లు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు పట్టును. మన ‘క్ష’ మూడు సంకేతాల కూర్పు కనుక దానికి 9 బైట్లు! అయినను పుటకు 2,000 సంకేతాల చొప్పున 200 పుటల తెలుగు గ్రంథము 12 లక్షల బైట్లకు మించదు. అనగా ఒక పెళ్ళి వీడియోను తొలగిస్తే ఒక చిన్న గ్రంథాలయానికి చోటు దొరుకుతుంది.

కావున పెద్ద ఫైళ్ళను ముందు వెదకవలెను. విండోస్‌లో ఫైళ్ళను పరిమాణమును బట్టి వరుసలో పెట్టే వీలున్నది. చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలము చోటు ఖాళీ కాదు. దానిని కూడా ఖాళీ చేయవలెను. డిస్క్ క్లీనప్ తాత్కాలిక ఫైళ్ళను తీసివేయును. అయితే కొన్ని విండోస్ కూర్పులలో డౌన్‌లోడ్స్ అర కూడా ఆ జాబితాలో చేరియుండును; చూడకుండా గుర్తు పెట్టరాదు. చాలా యంత్రాలలో సి డ్రైవు కిక్కిరిసి, డి డ్రైవు ఖాళీగా ఉండును. డెస్క్‌టాప్ మీద పేర్చినదంతా సాధారణముగా సి డ్రైవు భారమే. దానిని డి డ్రైవుకు తరలిస్తే, ఏదీ చెరపకుండానే పని జరుగును.

తెలుగు, ఉర్దూ పుటలతో సంచికలు వెలువరించే కళాశాలలకు మరొక ప్రమాదమున్నది. పాత సంచికల తెలుగు భాగము పేజ్‌మేకరులో అను ఫాంట్లతోను, ఉర్దూ భాగము ఇన్‌పేజ్‌లోను కూర్చి ఉండవచ్చును. ఎవరూ వాడడం లేదని ఆ ఫాంట్లను, ఆ సాఫ్ట్‌వేరును తీసివేసినచో మిగిలేది కొద్దిపాటి చోటు. పోయేది మాత్రం సంచికయే. ఫాంటు లేనిదే తెలుగు పుట అర్థములేని ఆంగ్లాక్షరాల గుంపుగా మారును. ఇన్‌పేజ్ లేనిదే ఉర్దూ ఫైలు తెరచుటయే కష్టము.

పాత ప్రతి దేనికని అడిగేవారికి మన విజయనగరములోనే సమాధానమున్నది. గురజాడవారి కన్యాశుల్కము 1897లో ఒక రూపములో, 1909లో మిక్కిలి పెరిగిన మరొక రూపములో అచ్చయినది. మొదటి కూర్పు మరుగున పడిపోగా, 1969లో బంగోరె దానిని వెలికితీసి తిరిగి అచ్చువేయించినారు. ఎక్కడో ఒక ప్రతి మిగిలియుండుట చేతనే అది సాధ్యమైనది.

సంచికల ఫైళ్ళను వాటి ఫాంట్లతో సహా ఒకే అరలో చేర్చి, రెండు వేర్వేరు బయటి డిస్కులలోకి నకలు తీయవలెను. ప్రతి పుటను పి.డి.ఎఫ్.గా కూడా భద్రపరచినచో ఫాంటు లేని యంత్రములో సైతము చదువవచ్చును. ఆ నకళ్ళను మరొక కంప్యూటరులో తెరచి చూచిన తరువాతనే పాత యంత్రములోని ప్రతిని తొలగించవలెను.