లాగ్‌బుక్ నీ చేత్తోనే రాయి

చిరంజీవి రమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చివర రెండు ముక్కల్లో తేల్చేసిన సంగతే నా మనసులో తిరుగుతోంది. క్లాసులో చాలామంది రెండు నెలల ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారనీ, నువ్వూ అదే చేసి ఆ రెండు నెలలూ బ్యాంకు కోచింగ్‌కు వెళ్దామనుకుంటున్నాననీ రాశావు. మీ నాన్నకు చెప్పలేదులే. నాకు కోపం కాదమ్మా, దిగులు. 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది సర్టిఫికెట్ల కోసం కాదు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేశావు. ఇప్పుడీ రెండు నెలలు, ఆ తర్వాత ఒక సెమిస్టరంతా. ఏ పని నీకు సరిపడుతుందో ఉద్యోగంలో చేరకముందే తేల్చుకునే వీలిది. సరిపడదని ఇప్పుడు తెలిస్తే పోయేది రెండు నెలలు, చేరాక తెలిస్తే ఏళ్ళు.

నీది బి.కాం. జి.ఎస్.టి. పాఠం పరీక్షకు చదివే ఉంటావు. ఎవరైనా ఆడిటర్ గారి ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కు కూర్చుంటే అదే పాఠం తేదీలుగా మారుతుంది: నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకు 11లోపు జి.ఎస్.టి.ఆర్-1, 20లోపు జి.ఎస్.టి.ఆర్-3బి. బిల్లులో కొన్నవాళ్ళ జి.ఎస్.టి. నంబరు ఒక్క అంకె తప్పుపడితే వాళ్ళ ఇన్‌పుట్ క్రెడిట్ చిక్కులో పడుతుంది. ఇవన్నీ ఏ రోజుకారోజు ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో రాసుకో. ఏం చెప్పారు, ఏం చేశావు, ఎక్కడ తప్పావు, ఎవరు దిద్దారు. పక్కవాళ్ళది చూసి ఒక్క పేజీ కూడా నింపొద్దు. సర్టిఫికెట్ మీద ఆఫీసు పేరు మాత్రమే ఉంటుంది. "అక్కడ ఏం చేశావమ్మా?" అని అడిగితే జవాబు లాగ్‌బుక్‌లో ఉంటుంది.

కోచింగ్‌కు టైము చాలదంటావు. బ్యాంకు ఉద్యోగాల ఐ.బి.పి.ఎస్. పి.ఓ. తుది ఎంపికలో మెయిన్స్‌కు నూటికి 80 వంతులైతే ఇంటర్వ్యూకు 20. ఆ ఇరవై ఏ గైడు చదివితే వస్తాయి? పైగా కోచింగ్ సాయంత్రం కూడా ఉంటుంది, ఆడిటర్ ఆఫీసు పగలే. అక్కడ పని నేర్పరు, జిరాక్సులు తీయిస్తారు అంటావు. కొన్నిచోట్ల నిజమే. ఆ కాగితం ఏమిటో, ఎందుకు కావాలో అడుగు. వోచర్లు సర్దమంటే చదువుతూ సర్దు. పది రోజులైనా ఏమీ చెప్పకపోతే మీ లెక్చరర్‌తో చెప్పి ఆఫీసు మార్చుకో.

సోమవారం నువ్వే ఆడిటర్ ఆఫీసుకు వెళ్ళి ఇంటర్న్‌షిప్ అడుగు. ఎండలు ముదిరాయి, మజ్జిగ తాగి బయల్దేరు. లాగ్‌బుక్ మొదటి పేజీ నాకు ఫొటో తీసి పంపు. అక్షరం వంకరైనా ఫరవాలేదు, నీదైతే చాలు.

ఇట్లు,
మీ పెదనాన్న