తడిసిన పుస్తకాలకు గడువు 2 రోజులే

ప్రశ్న: వానాకాలంలో మా గ్రంథాలయం కప్పు కారుతోంది. అత్యవసరానికి ఏయే సామాన్లు సిద్ధంగా ఉంచుకోవాలి?
– గ్రంథపాలకురాలు, భీమవరం

జవాబు: మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పాలిథిన్ పట్టాలు, కత్తెర, గ్లౌజులు, మాస్కులు, టార్చిలైటు, స్పాంజీలు, అచ్చులేని తెల్లకాగితాలు పెట్టండమ్మా. పాత వార్తాపత్రికలు మాత్రం వద్దు, సిరా అంటుకుంటుంది.

తడిసిన పుస్తకాలకు 48 గంటల్లోనే బూజు పట్టవచ్చు. ఉబ్బినవాటిని బలవంతంగా తెరవకండి. కొద్దిగా తడిసినవాటిని నిలబెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే అట్టలు వంకర్లు పోతాయి. నున్నటి ఆర్ట్ పేపరు పుటలు తడిగా ఉండి ఆరితే అతుక్కుపోతాయి, ఇక విడదీయలేం. వాటిని వెంటనే సంచుల్లో పెట్టి గడ్డకట్టించాలి. మీ ఊళ్లో రొయ్యల ఫ్రీజింగ్ ప్లాంట్లున్నాయి కదా! ఒక ప్లాంటు వారితో ఇప్పుడే మాట్లాడి, వాళ్ల ఫోను నంబరు డబ్బా మూతకు అంటించండి. టార్చి బ్యాటరీలు ఏటా జూన్‌కు ముందే మార్చండి.