ఎగవేతా, పొరపాటా? ఎక్సైజు బకాయి కేసుల సంగతి



కేంద్ర ఎక్సైజు సుంకం సరుకు తయారైనందుకు పడే పన్ను. సరుకు ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు దాన్ని వసూలు చేస్తారు. కొన్నవాడు డబ్బిచ్చాడా, అప్పు పెట్టాడా అన్నదానితో పని లేదు. 1944 నాటి చట్టంలో 3వ సెక్షను ఈ సుంకాన్ని విధిస్తుంది. కట్టనిదాన్ని, తక్కువ కట్టినదాన్ని, పొరపాటున వాపసు వెళ్లినదాన్ని రాబట్టడానికి 11ఎ సెక్షను ఉంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఈ సుంకం పొగాకు ఉత్పత్తులకు, పెట్రోలు, డీజిలు వంటి కొన్ని ఇంధనాలకు పరిమితమైంది. అయినా పాత బకాయిల మీద విచారణలు ఆగిపోకుండా జీఎస్టీ చట్టం 174వ సెక్షను కాపాడింది. పైగా జీఎస్టీలోని 73, 74 సెక్షన్లు 11ఎ అచ్చులోనే పోతపోసినవి. ఎక్సైజు తీర్పులు చదవని వకీలు ఇవాళ జీఎస్టీ నోటీసుకు గట్టి జవాబు రాయలేడు.

ఈ కేసులు పైకి రేటు తగాదాల్లా కనిపిస్తాయి. సరుకు ఏ టారిఫ్ హెడ్డింగు కిందికి వస్తుంది, విలువ ఎలా కట్టాలి, మినహాయింపు వర్తిస్తుందా అన్న ప్రశ్నలతో ఫైలు నిండిపోతుంది. తేలేది మాత్రం చాలాసార్లు తేదీల దగ్గర. సుంకం నిజంగానే బాకీ పడినా, గడువు దాటాక నోటీసు వస్తే ప్రభుత్వానికి ఆ సొమ్ము దక్కదు. కాబట్టి ఫైలు తెరిచినవాళ్లు ముందుగా ఒక తెల్లకాగితం మీద తేదీల పట్టిక వేసుకోవాలి: రిటర్ను దాఖలైన రోజు, ఆడిట్ జరిగిన రోజు, అధికారులు ఫ్యాక్టరీకి వచ్చిన రోజు, నోటీసు అందిన రోజు.

ఈ గడువు వెనక పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో సెక్షను లేదు, రూల్స్ ఉండేవి. రూల్ 10 కింద మూడు నెలల్లో అడగాలి. రూల్ 10ఎకి గడువే లేదు. సహజంగానే ఎక్సైజు డిపార్ట్‌మెంటు రెండోదాన్ని పట్టుకునేది. అసలేమీ విధించకుండా వదిలేసిన సుంకం కూడా రూల్ 10 కిందికే వస్తుందనీ, గడువులేని రూలు వైపు మళ్లడానికి వీల్లేదనీ ఎల్ఫిన్‌స్టన్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు 1971లో తేల్చింది. 1977లో రెండు రూల్సునూ కలిపి మామూలు కేసులకు ఆరు నెలలు, మోసం ఉన్న కేసులకు ఐదేళ్లు అన్నారు. 1980 నవంబరు 17 నుంచి అదే 11ఎ సెక్షనుగా చట్టంలోకి ఎక్కింది. ఆరు నెలలు 2000లో ఏడాది అయింది, 2016లో రెండేళ్లయింది. ఐదేళ్లు మాత్రం కదలలేదు.

అసలు యుద్ధమంతా ఆ ఐదేళ్ల కోసమే. మోసం, కుమ్మక్కు, కావాలని తప్పు చెప్పడం, నిజాన్ని దాచడం, సుంకం ఎగ్గొట్టే ఉద్దేశంతో నిబంధనలు ఉల్లంఘించడం, వీటిలో ఏదో ఒకటి ఉంటేనే డిపార్ట్‌మెంటు ఐదేళ్లు వెనక్కి వెళ్లగలదు. హైదరాబాదు ఎక్సైజు కలెక్టరేటు నుంచి వెళ్లిన కెమ్‌ఫార్ డ్రగ్స్ కేసులో 1989లో వచ్చిన తీర్పు ఇక్కడ పునాదిరాయి. తయారీదారు ఊరికే చెప్పకపోవడం, చేయవలసింది చేయకపోవడం చాలదు. తెలిసి, కావాలని తొక్కిపెట్టినట్టు కనబడాలి అని కోర్టు చెప్పింది. సమాచారం డిపార్ట్‌మెంటుకు తెలిసే ఉంటే దాచారనే మాటకు తావు లేదు. 1995 నాటి కాస్మిక్ డై కెమికల్ తీర్పు దీన్ని ఇంకా బిగించింది: తప్పు సమాచారమైనా, దాచడమైనా ఉద్దేశపూర్వకం కాకపోతే ఐదేళ్ల గడువు పనికిరాదు. నోటీసులో ఈ ఐదింటిలో ఏ ఆరోపణ చేస్తున్నారో విడమరచి రాయాలని హార్లిక్స్ తయారీదారు హెచ్.ఎం.ఎం. కేసులో అదే ఏడాది తీర్పు వచ్చింది. సెక్షనులోని మాటలన్నీ వరసగా దించేసిన నోటీసులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. జవాబులో మొదట ఎత్తిచూపవలసిన లోపం అదే.

మన ప్రాంతానికి చెందిన మరో తీర్పు నిజాం షుగర్ ఫ్యాక్టరీది. ఒకే విషయం మీద ఒకదాని తర్వాత ఒకటిగా నోటీసులు వచ్చాయి. మొదటి నోటీసు ఇచ్చేనాటికే వాస్తవాలన్నీ అధికారులకు తెలుసు. తర్వాతి నోటీసుల్లో మళ్లీ నిజం దాచారని ఎలా అంటారు? అనలేరని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఏటేటా అదే తగాదా మీద నోటీసు అందుకునే కంపెనీలకు ఈ తీర్పు పెద్ద అండ.

ఇంత మాత్రాన ఐదేళ్ల గడువు అన్యాయమని అనుకోకూడదు. లెక్కల్లోకి రాకుండా రాత్రిపూట గేటు దాటిన సరుకు మామూలు గడువులో బయటపడదు. ఆ సుంకం జనం డబ్బు. నిజాయితీగా కట్టే పక్క ఫ్యాక్టరీని దెబ్బతీసే దొంగతనం కూడా. అలాంటి కేసుల్లో డిపార్ట్‌మెంటు లెక్క పైసాతో సహా సరిపోవాలని కోర్టులు కోరవు. రహస్యంగా జరిగినదాని వివరాలు చేసినవాడికే తెలుస్తాయని, కస్టమ్స్‌కు సంబంధించిన భూర్మల్ కేసులో 1974లోనే సుప్రీంకోర్టు గుర్తించింది. కాకపోతే ఒక ప్రైవేటు నోటుపుస్తకం, ఇద్దరు కూలీల వాంగ్మూలం చాలవు. కొన్న ముడిసరుకు, కాలిన కరెంటు, లారీల రాకపోకలు, కొన్నవాళ్లు, చేతులు మారిన డబ్బు, వీటిలో కొన్నైనా ఒకదాన్నొకటి బలపరచాలి. వాంగ్మూలం ఇచ్చినవాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం ఇవ్వకపోతే, వాటి మీద నిలబడిన ఉత్తర్వే చెల్లదని అండమాన్ టింబర్ కేసు (2015) చెబుతోంది.

విలువ తగాదా ఎంత దూరం వెళ్తుందో ఐటీసీ కేసు చూపిస్తుంది. సిగరెట్ పెట్టె మీద అచ్చేసిన ధరను బట్టి సుంకం కట్టారు. దుకాణాల్లో అంతకంటే ఎక్కువకు అమ్ముతున్నారు కాబట్టి ఆ ధర మీద కట్టాలని డిపార్ట్‌మెంటు 1987లో 800 కోట్ల రూపాయలకు పైగా అడుగుతూ నోటీసు ఇచ్చింది. కేసు కంపెనీకి అనుకూలంగా ముగిసేసరికి 2004 వచ్చింది. పదిహేడేళ్లపాటు అటు ఖజానాకూ ఇటు కంపెనీకీ ఆ అంకె మీద నిశ్చయం లేదు.

గడువు విషయంలో తయారీదారు గెలిచిన తీర్పును పార్లమెంటు తుడిచేసిన సందర్భమూ ఉంది. అధికారులే ఆమోదించిన వర్గీకరణ ప్రకారం సుంకం కట్టినవాణ్ని పాత కాలానికి అడగకూడదని 1999లో కాట్‌స్పన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మరుసటి ఏడాదే 11ఎని 1980 నుంచి వర్తించేలా మార్చారు. ఆ మార్పు చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

పెనాల్టీ కూడా ఆ ఐదు ఆరోపణలనే అంటిపెట్టుకుని ఉంటుంది. 11ఎసి కింద సుంకంతో సమానమైన పెనాల్టీని తగ్గించే విచక్షణ ఎవరికీ లేదని ధర్మేంద్ర టెక్స్‌టైల్ తీర్పు (2008) చెప్పగానే, ప్రతి డిమాండుకూ పెనాల్టీ జోడించడం మొదలైంది. మోసం రుజువైతేనే ఆ సెక్షను వర్తిస్తుందని రాజస్థాన్ స్పిన్నింగ్ తీర్పు (2009) సరిచేసింది.

ఉత్తర్వు వచ్చాక అప్పీలు వేయాలంటే 2014 నుంచి సుంకంలో 7.5 శాతం ముందే కట్టాలి, రెండో అప్పీలుకు 10 శాతం. రేటు, విలువ ప్రశ్నలైతే ట్రిబ్యునల్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు, మిగతావి హైకోర్టుకు వెళ్తాయి. చివరికి డిమాండు నిలిచినా వసూలవుతుందన్న పూచీ లేదు. ఫ్యాక్టరీ తాకట్టులో ఉంటే అప్పిచ్చిన సంస్థదే ముందు హక్కని సికామ్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2011లో 11ఇ సెక్షను పెట్టి ఎక్సైజు బకాయికి ఆస్తి మీద మొదటి హక్కు ఇచ్చారు గానీ, బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టానికి లోబడే ఇచ్చారు. పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో 2022లో బ్యాంకే నెగ్గింది.

సొంతదారు ఒక్కడే నడిపిన సంస్థల విషయంలో చిక్కు వేరు. కేరళలో ట్రెడ్ రబ్బరు తయారీదారు ఒకరు నోటీసు అందుకున్నాక, విచారణ ముగియకముందే చనిపోయారు. డిపార్ట్‌మెంటు కుటుంబం మీద పడింది. చనిపోయినవాడి మీద సుంకం నిర్ణయించే ఏర్పాటు ఎక్సైజు చట్టంలో లేదని షబీనా అబ్రహం తీర్పు (2015) ఆ కుటుంబాన్ని విడిపించింది. జీఎస్టీ చట్టం 93వ సెక్షనులో వారసుల బాధ్యతను చేర్చి ఆ ఖాళీని పూడ్చారు. అందుకని పాత ఎక్సైజు ఫైలు ఒంటరి యజమానిదైతే, ఆయన బతికున్నారా, లేకపోతే ఏ తేదీన పోయారు అన్నది పట్టికలో నోటీసు తేదీ పక్కన, ఉత్తర్వు తేదీకి ముందు రాసుకోవాలి.